కొండ దిగువ నుంచి బోస్టన్ దాకా: ఉత్తరాంధ్ర జబ్బులు, వలస విద్యార్థుల వైద్యం

ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లు డాక్టరు చదువు చదవాలంటే ఊరు విడవాల్సిందే. ఇరవయ్యో శతాబ్దం పొడుగునా ఇదే పరిస్థితి. శృంగవరపుకోట వంటి తాలూకా కేంద్రం నుంచి ఆ దారి మొదట మద్రాసుకు, 1923 తర్వాత విశాఖపట్నానికి, స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లండుకూ అమెరికాకూ సాగింది. ఈ ప్రాంతానికి వైద్యం వచ్చిన దారి కూడా ఇలాంటిదే. ఇక్కడి పాత జబ్బులకు మందు కనిపెట్టినవాళ్లలో, ఆసుపత్రులు కట్టినవాళ్లలో చాలామంది పుట్టిన ఊరికి దూరంగా బతికినవాళ్లే. కొందరు పరాయి దేశం నుంచి ఇక్కడికి వచ్చారు, కొందరు ఇక్కడి నుంచి పరాయి దేశం వెళ్లారు. శృంగవరపుకోట వైద్యచరిత్రను ఈ రాకపోకలతో కలిపి చూడాలి.

స్థానికులు ఎస్‌.కోట అని పిలిచే ఈ ఊరు విశాఖపట్నానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కొండల పాదాల దగ్గర ఉంది. అరకులోయకు ఎక్కే ఘాట్ రోడ్డుకు ఇదే ముఖద్వారం. పనస, చింతపండు, అనాస కొండ మీంచి దిగి ఇక్కడికి వస్తాయి. ఉప్పు, బట్ట, కిరసనాయిలు ఇక్కణ్ణుంచే పైకి ఎక్కేవి. జబ్బుల విషయంలో కూడా ఇది సరిహద్దు ఊరే. కొండల్లో పారే సెలయేళ్ల గట్టుల వెంట, గడ్డి నీడలో, తేటనీటిలో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ పెరుగుతుంది. అది మలేరియాను మోస్తుంది. మైదానపు ఊళ్లలో మురుగు కాలవల్లో, నిలవ నీటి గుంటల్లో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. అది బోదకాలును మోస్తుంది. ఒక పూట నడకలో మనిషి ఒక దోమ రాజ్యం దాటి ఇంకో దోమ రాజ్యంలో అడుగుపెట్టేవాడు. మంచినీరు ఒక జబ్బును, మురికినీరు మరో జబ్బును మోసుకొచ్చిన నేల ఇది.

కొండజ్వరమంటే మైదానపు జనానికి హడలు. బ్రిటిష్ కాలంలో మన్యానికి బదిలీ అయిన గుమాస్తాలు, పోలీసులు దాన్ని శిక్షగానే భావించారు. 1914లో పెర్రీ అనే వైద్యాధికారి జైపూరు కొండప్రాంతాల మలేరియా మీద విస్తారమైన నివేదిక రాశాడు. తర్వాతి కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు రొనాల్డ్ సీనియర్‌వైట్ తూర్పు కనుమల దోమలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. రైల్వే కూలీలు జ్వరంతో పడిపోతే పట్టాలు పడవు కాబట్టి రైలు కంపెనీకి ఈ విషయం ప్రాణప్రదమైంది. కొండలో తరతరాలుగా బతుకుతున్న మనుషుల కోసం కాక, పైనుంచి వచ్చే ఉద్యోగుల కోసం, రోడ్లూ పట్టాలూ వేసే పని కోసం మలేరియా పరిశోధన మొదలైందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

కొండ జనానికి దిసారి ఉన్నాడు. ముహూర్తం చూసేదీ, జబ్బుకు కారణం చెప్పేదీ, వేరూ ఆకూ నూరి ఇచ్చేదీ ఆయనే. మైదానంలో ఆయుర్వేద వైద్యులు, ఎముకలు కట్టేవాళ్లు, కాన్పు చేసే మంత్రసానులు ఉండేవారు. గాయానికీ, కడుపునొప్పికీ, కాన్పుకీ వాళ్ల చేతి చలవ చాలామందిని కాపాడింది. నెత్తుట్లో పెరిగే మలేరియా క్రిమికీ, శోషరస నాళాల్లో గూడుకట్టుకునే బోదపురుగుకీ మాత్రం వాళ్ల దగ్గర విరుగుడు లేదు. క్వినైన్ పొట్లాలు పోస్టాఫీసుల్లో అమ్మిన కాలంలో కూడా, పోస్టాఫీసు లేని కొండ మీదికి ఆ పొట్లం ఎక్కలేదు.

బోదకాలు సంగతి ఇంకా దయనీయం. మనిషిని చంపదు, బతకనివ్వదు. ఏడాదికి నాలుగైదు సార్లు గజ్జలో బిళ్ల కట్టి, చలితో వణికించే జ్వరం వస్తుంది. వచ్చిపోయిన ప్రతిసారీ కాలు కొంచెం లావెక్కుతుంది. కొన్నేళ్లకు చర్మం మొద్దుబారి, మడతలుపడి, ఏనుగుకాలు అవుతుంది. పొలంలో దమ్ముకు దిగలేరు, చెప్పు తొడుక్కోలేరు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో ఇది ఇంటింటి కథ. ఈ జిల్లాల వీధుల్లో ఒక్క బోదకాలూ చూడకుండా పెరిగిన పిల్లవాడు యాభై ఏళ్ల కిందట అరుదు.

పరాయి దేశాల నుంచి ఇక్కడికి వైద్యం తెచ్చినవాళ్లలో మిషనరీలది పెద్ద పాత్ర. సాలూరులో జర్మన్ లూథరన్ మిషన్ కుష్ఠు రోగుల కోసం పనిచేసింది. శ్రీకాకుళం, బొబ్బిలి, సోంపేట, పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు ఊరూరా బళ్లూ దవాఖానాలూ పెట్టారు. సోంపేటలో కెనడా వైద్యుడు బెన్ గల్లిసన్ చేసిన కంటి ఆపరేషన్ల గురించి విని, 1963లో కాల్గరీ నగరానికి చెందిన ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థను స్థాపించాడు. తర్వాత అనేక దేశాలకు విస్తరించిన ఆ సంస్థకు బీజం పడింది శ్రీకాకుళం జిల్లా ఊళ్లో. మతప్రచారం వాళ్ల ఉద్దేశాల్లో ఒకటన్నది నిజమే. శుక్లం తీయించుకుని మళ్లీ చూపు తెచ్చుకున్న ముసలమ్మకు మాత్రం ఆ చూపు అంతే నిజం. విజయనగరంలోని ఘోషా ఆసుపత్రి పేరు ఇంకో సంగతి చెబుతుంది. ఘోషా అంటే పరదా. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రులు కావలసి వచ్చిన కాలం నాటి పేరు అది. జబ్బున్నంత మాత్రాన వైద్యం అందదు, ఆ వైద్యం చేసే మనిషి ఎవరన్నది కూడా ముఖ్యమే అని ఆ ఒక్క మాట గుర్తుచేస్తుంది.

ఇక్కడి వాళ్లు బయటికి వెళ్లిన కథ రంగూనుతో మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు కూలీలతో నిండి బర్మా వెళ్లేవి. బియ్యం మిల్లుల్లో, ఓడరేవుల్లో తెలుగు కూలీలు బస్తాలు మోశారు. వాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. 1930 మేలో రంగూనులో కోరంగీ రేవు కూలీల మీద పెద్ద దాడులు జరిగాయి. 1942లో జపాను సేనలు రాగానే వేలమంది అడవుల వెంట నడిచి ఇంటిదారి పట్టారు. ఈ వలసకూ వైద్యానికీ సంబంధమేమిటనిపించవచ్చు. సంబంధం ఉంది. బర్మాలో సంపాదించి ఎదిగిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాశాడు. కాకినాడలో ఏర్పడిన ఆ ధర్మసంస్థ డబ్బుతోనే, మామగారి సాయంతోనే ఒక తెలుగు విద్యార్థి అమెరికా ఓడ ఎక్కాడు. ఒక వలసకూలీ తరం చెమట ఇంకో వలస విద్యార్థి చదువుకు టిక్కెట్టు కొన్నది.

ఆ విద్యార్థి యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువు రాజమహేంద్రవరంలో సాగింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. తండ్రి పోయాక ఇంటి బరువు తల్లి వెంకమ్మ మోసింది. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు సన్యాసం వైపు మనసు లాగినా, చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. అప్పట్లో ఆంధ్ర జిల్లాల పిల్లలకు డాక్టరు డిగ్రీ కావాలంటే 1835లో మొదలైన ఆ ఒక్క కళాశాలే దిక్కు.

అతని దిశ తేల్చింది సంగ్రహణి. ఉష్ణమండలంలో ఎక్కువగా వచ్చే ఈ జబ్బులో పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోతాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, రోజుల తేడాలోనే దానికి బలయ్యారు. తర్వాత అదే అతన్నీ పట్టుకుంది. అల్లోపతి చేతులెత్తేసిన చోట ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి మందు పనిచేసిందంటారు. కోలుకున్న సుబ్బారావు కొంతకాలం మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. అన్నదమ్ముల్ని చంపిన జబ్బుకు మందు కనిపెట్టాలన్న కోరిక అతనిలో చదువుగా, తర్వాత పరిశోధనగా మారింది.  

గాంధీజీ పిలుపుకు స్పందించి ఖద్దరు బట్టతో ఆపరేషన్ గదికి వెళ్లడం సర్జరీ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు నచ్చలేదు. చివరకు సుబ్బారావుకు దక్కింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్ పట్టా. ఇక మద్రాసు వైద్య సేవలో ఎదిగే దారి మూసుకుపోయినట్టే. 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో విద్యార్థి అయ్యాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారని, అందుచేత పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. సుబ్బారావు అడుగుపెట్టింది తనను ఎన్నటికీ సొంతవాడిగా ఒప్పుకోనని తేల్చి చెప్పిన దేశంలో. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా చాకిరీ చేసి పగలు చదువుకున్నాడు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు. ఆమె పడిన నష్టం ఏ శాస్త్రచరిత్రలోనూ సరిగా లెక్కకు రాలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్క్‌-సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిలిచింది. కండరాలు పనిచేయడానికి కావలసిన ఫాస్ఫోక్రియాటిన్‌, ఏటీపీల గుర్తింపు ఆ కొలతతోనే సాధ్యమైంది. 1930లో డాక్టరేటు వచ్చింది. హార్వర్డు మాత్రం అతనికి స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు దగ్గరి పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, అక్కడ పరిశోధనకు సారథి అయ్యాడు.

లెడర్లీలో ఫలించినవన్నీ అతను ఒంటి చేత్తో చేసినవి కావు. పెద్ద బృందం ఉంది. దారి చూపింది మాత్రం అతనే. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఉష్ణమండల సంగ్రహణిలో రక్తహీనతకు ఆ ఫోలిక్ ఆమ్లమే మందు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు మందు దొరికింది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం తెచ్చాడు. కీమోథెరపీ చరిత్రలో అది తొలి అధ్యాయాల్లో ఒకటి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆ సంస్థ నుంచే వచ్చింది.

ఉత్తరాంధ్రకు అన్నిటికన్నా దగ్గరైనది హెట్రజాన్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమందికి ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు, సోకింది. తమ సైనికులకు సోకేదాకా ఆ జబ్బుకు మందు వెదకడం ఏ పెద్ద కంపెనీకీ అవసరం అనిపించలేదు. లెడర్లీ బృందం వందలాది రసాయనాలను ఎలుకల మీద పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను ప్రకటించింది. దానికి పెట్టిన పేరు హెట్రజాన్. మన ఆరోగ్య కార్యకర్తల నోట అది డీఈసీ బిళ్ల. నెత్తుట్లో తిరిగే బోదపురుగు పిల్లలను ఇది చంపుతుంది. అప్పటికే లావెక్కిన కాలును మామూలు చేయలేదు, కొత్తవాళ్లకు జబ్బు సోకకుండా ఆపగలదు. సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో, పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరిచిన 1946 చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లే.

అతను ఓడ ఎక్కిన 1923లోనే విశాఖపట్నంలో వైద్య కళాశాల మొదలైంది. మద్రాసు రాజధానిలో అది రెండోది. కింగ్ జార్జ్ ఆసుపత్రి దానికి అనుబంధంగా పెరిగింది. తర్వాత ఆంధ్రా మెడికల్ కాలేజీ అయిన ఈ సంస్థ వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు మద్రాసు ప్రయాణం తప్పింది. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన శ్రీపాద పినాకపాణి అక్కడే చదివి వైద్యుడై, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా, అంతకుమించి సంగీత గురువుగా పేరు పొందాడు. ఎస్‌.కోట చుట్టుపక్కల జనం నోట ‘కేజీహెచ్’ అంటే ఆఖరి ఆశ. ప్రాణం మీదికొస్తే ఎక్కించేది కేజీహెచ్‌కే. బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడం కోసం 1960లలో కట్టిన కొత్తవలస-కిరండూల్ లైను ఎస్‌.కోట, బొడ్డవర, శివలింగపురం మీదుగా కొండెక్కింది. ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీదే ప్యాసింజరు బండి కొండల జనాన్నీ కిందికి తెచ్చింది.

1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక, అక్కడి వైద్యులు ఇష్టపడని బొగ్గుగనుల లోయల్లో, పారిశ్రామిక పట్టణాల్లో భారతీయ వైద్యులు కుదురుకున్నారు. భారతీయ డిగ్రీలకు ఉన్న గుర్తింపును 1975లో అక్కడి వైద్య మండలి ఉపసంహరించింది. ఈలోగా అమెరికాలో 1965 వలస చట్టం జాతుల వారీ కోటాను తీసేసి నైపుణ్యానికి చోటిచ్చింది. విశాఖ, గుంటూరు, కాకినాడ కళాశాలల పట్టభద్రులు ఆ తలుపు గుండా వందల సంఖ్యలో వెళ్లారు. అక్కడా అదే తంతు. పెద్ద నగరాల్లో సొంత డాక్టర్లకు కొదవ లేదు, గనుల ఊళ్లకూ మైదానపు పల్లెలకూ మాత్రం ఎవరూ పోరు. శిక్షణ వీసా మీద వచ్చిన విదేశీ వైద్యులు చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న నియమం ఉంది. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994లో వచ్చిన సవరణ దానికి మినహాయింపు ఇచ్చింది. షరతు ఒకటే: వైద్యులు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. మొదట ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 20 మందికి, తర్వాత 30 మందికి ఈ అవకాశం ఇచ్చారు.

ఇందులో ఒక పాఠం ఉంది, దాన్ని దాటేయకూడదు. పేదలకు సేవ చేయాలన్న మనసు చాలామంది విద్యార్థులకు ఉంటుంది. ఆ మనసును ఒక ఊరికి చేర్చి అక్కడ మూడేళ్లు నిలబెట్టడానికి అమెరికాకు ఒక చట్టం కావలసి వచ్చింది. విజయనగరం జిల్లాలో వైద్యుడు లేని కొండ ఊళ్లుండగా, ఇక్కడి పన్నుల డబ్బుతో చదివిన డాక్టరు డకోటా పల్లెలో మూడేళ్లు కూర్చున్నాడంటే తప్పు అతనిది కాదు. అతన్ని ఇక్కడ నిలబెట్టే ఏర్పాటు ఇక్కడ బలహీనంగా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసిన వైద్యులకు పీజీ సీట్లలో ఇచ్చే ఇన్‌సర్వీస్ కోటా ఆ దిశలో ఒక ప్రయత్నం.

ఎస్‌.కోట మండలంలోనే దారపర్తి పంచాయతీ వంటి కొండశిఖర పల్లెలున్నాయి. పక్కనున్న అనంతగిరి మండలం 2022 నుంచి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. ఎస్‌.కోట కొండపల్లెలు విజయనగరం జిల్లావి. ఇవి షెడ్యూల్డు ప్రాంతంలో లేవు, అందుచేత గిరిజన ప్రాంతాలకు దక్కే ఏర్పాట్లు కొన్ని వీటికి దక్కవు. 2005లో మొదలైన 108 వాహనం కొండ మొదలు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి డోలీయే. గట్టి కర్రకు దుప్పటి గానీ బుట్ట గానీ కట్టి, అందులో గర్భిణిని కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోసి దిగుతారు. వాన పడితే బండలు జారతాయి, గెడ్డలు పొంగుతాయి. ఈ దుస్థితికి జవాబుగా సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే తల్లిని కిందికి తెచ్చి అక్కడ ఉంచుతారు. ఇది మంచి ఆలోచన. రోడ్డు అవసరాన్ని మాత్రం ఇది తీర్చదు.

బోదకాలు విషయంలో కథ కొంత మెరుగైంది. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమహేంద్రవరంలోని ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం సిబ్బందిని తయారుచేసింది. బోదపురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లోకి వస్తాయి కాబట్టి, పరీక్ష చేసేవాళ్లు జనం నిద్రపోయే వేళ ఇళ్ల తలుపులు తట్టి వేలిచివర సూది గుచ్చాల్సి వచ్చేది. 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాలన్నిటా ఏడాదికోసారి అందరికీ మందు మింగించే కార్యక్రమం వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వాటిలో ఉన్నాయి. డీఈసీతో పాటు ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్లకు ఇవ్వరు. అన్నం తిన్నాక, కార్యకర్త కళ్లముందే మింగాలి. ‘నాకేం జబ్బు లేదు, నాకెందుకు’ అని బిళ్లను చేతిలో దాచుకునేవాళ్లను ఒప్పించే పని ఆశా కార్యకర్తది. బోస్టన్ చలిలో రాత్రి చాకిరీ చేసిన తెలుగు విద్యార్థి చదువు ఈ బిళ్లగా ఉత్తరాంధ్ర గుమ్మాలకు చేరింది. చేర్చింది ఆ ఊరి కోడలో, కూతురో. దేశం నుంచి ఫైలేరియాను తొలగించడానికి పెట్టుకున్న గడువు 2027.

వైద్యవిద్య వలస ఇంకా ఆగలేదు. సీటు రాని పిల్లలు ఉక్రెయిన్‌, ఫిలిప్పీన్స్‌, రష్యా, కిర్గిజ్‌స్తాన్‌లకు వెళ్లడం ఈ శతాబ్దపు కొత్త దారి. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్ బంకర్ల నుంచి విమానాల్లో వెనక్కి వచ్చినవాళ్లలో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అదే సమయంలో ఇంటి దగ్గర సీట్లు పెరిగాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల అప్పటికే ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 సీట్లతో మొదలైంది. సుబ్బారావు ఓడ ఎక్కి, విశాఖలో తొలి తరగతులు మొదలై అప్పటికి సరిగ్గా వందేళ్లు. ఎస్‌.కోట పిల్లలకు ఇంటి నుంచి బస్సులో వెళ్లి డాక్టరు చదువు చదివే వీలు ఇప్పుడు విజయనగరంలోనూ ఉంది. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. ఆ కళాశాల తొలి బృందం 2029 ప్రాంతంలో బయటికి వస్తుంది.